గుర్రం దగ్గర సీరియస్, డబ్బు దగ్గర టైంపాస్

"మేం టైంపాస్‌కి ఆడేవాళ్లం కాదు రా. సీరియస్‌గా ఆడతాం."

ఒక ఆదివారం రాత్రి మెస్‌లో పక్కన కూర్చుని ఈ మాట అన్నవాడు నా క్లాస్‌మేటే. పేరు రాయను. అప్పటికి వాడు నా దగ్గర ఎనిమిది వేలు తీసుకుని నెలన్నర అయింది. సెమ్ ఫీజుకని తీసుకున్నాడు. ఫీజు కట్టనివాళ్ల లిస్టులో వాడి పేరు నోటీసు బోర్డు మీద చూశాక గానీ ఆ డబ్బు ఎటు పోయిందో నాకు తెలియలేదు. మలక్‌పేట పోయింది. రేస్‌కోర్స్‌కి.

వాడు అక్కడిదాకా వెళ్లిన దారి మీలో చాలామందికి తెలిసిందే. మొదట ఫోన్‌లో క్రికెట్ టీములు పెట్టే యాప్‌లు, తర్వాత రమ్మీ. తెలంగాణలో డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 2017 నుంచే నిషేధం ఉంది. అయినా లొకేషన్ మార్చుకుని ఆడేవాళ్లు ఆడుతూనే ఉన్నారు. 2025 ఆగస్టులో పార్లమెంటే చట్టం చేసి దేశమంతటా ఆపేసింది. అప్పుడు మనవాడికి ఒక సీనియర్ జ్ఞానోదయం కలిగించాడు: "గుర్రప్పందాలు లీగల్ మామా. స్కిల్ గేమ్ అని సుప్రీంకోర్టే చెప్పింది."

చెప్పిన మాట నిజమే. మద్రాసు రేస్ క్లబ్‌ను తమిళనాడు ప్రభుత్వం స్వాధీనం చేసుకోబోవడం మీద మొదలైన గొడవ అది. డాక్టర్ కె.ఆర్. లక్ష్మణన్ కేసుగా ప్రసిద్ధం. గుర్రప్పందెంలో గెలుపు ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడుతుందని, అది వట్టి అదృష్టం ఆట కాదని 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కానీ తీర్పు చెప్పింది ఆట గురించి. మా రెండో అంతస్తు కుర్రాళ్లకు ఆ నైపుణ్యం ఉందని కోర్టు ఎక్కడా చెప్పలేదు. పరీక్షలో పాస్ కావడం కూడా నైపుణ్యమే, అయినా మనలో బ్యాక్‌లాగ్‌లు ఉన్నవాళ్లు లేరా?

ఈ వ్యాసం "జూదం చెడ్డది" అని చెప్పడానికి కాదు. అది మా నానమ్మ నాకంటే బాగా చెబుతుంది. నా గొడవ ఆ "సీరియస్" అనే మాటతో. ఎందుకంటే ఆ మాట నేను చిన్నప్పటి నుంచి వింటున్నాను.

మా పెద్దనాయన రిటైరయ్యేదాకా ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. ఇల్లు సైదాబాద్‌లో. రేస్‌కోర్స్‌కి ఆటోలో పదిహేను నిమిషాలు. మౌలాలీలో జరిగే రేసుల్ని ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1886లో మలక్‌పేటకి మార్పించాడని మొదట ఆయన నోటే విన్నాను. ఆ నిజాం మీద మా పెద్దమ్మకు ఇప్పటికీ కోపమే. "మౌలాలీలనే ఉండనియ్యొద్దా, గంత దూరమైతే ఈయన పోకపోవు" అనేది.

పెద్దనాయన తాగడు, పేకాడడు. రేసులకు మాత్రం ఒక శాస్త్రజ్ఞుడిలా వెళ్లేవాడు. ముందు రోజు రాత్రే రేసు బుక్కు కొని, కళ్లద్దాలు సర్దుకుని కూర్చునేవాడు. ఏ గుర్రం గత ఐదు రేసుల్లో ఎన్నో స్థానంలో వచ్చింది, ఎంత దూరం పరుగు, ఎంత బరువు మోసింది, జాకీ ఎవరు, ట్రైనర్ ఎవరు, పొద్దున ప్రాక్టీసులో ఎన్ని సెకన్లకు పరుగెత్తింది, వాన పడి నేల మెత్తబడితే దానికి ఇష్టమా కాదా, అన్నీ రూళ్ల నోట్‌బుక్‌లో నీలం సిరాతో రాసేవాడు. గెలిచినవాటికి ఎర్ర సిరాతో టిక్కు. అలాంటివి 14 నోట్‌బుక్కులు. మా ఇంట్లో పెళ్లి పత్రికలు కూడా అంత పదిలంగా దాచలేదు.

ఆయనతో పాటు ఒక దోస్తు వెళ్లేవాడు. చెప్పుల దుకాణం ఆయన. వానాకాలం సీజన్‌లో రెండుసార్లు, చలికాలం సీజన్‌లో రెండుసార్లు, అంతే. జేబులో ఐదు వందలు. గుర్రం పేరు బాగుందనో, జాకీ చొక్కా రంగు బాగుందనో పెట్టేవాడు. గుర్రాలు మలుపు తిరిగి నేరుగా వచ్చే చోట లేచి నిలబడి గొంతు పోయేలా అరిచేవాడు. డబ్బులైపోతే చాయ్ తాగి ఇంటికి పోయేవాడు. పెద్దనాయన ఆయన్ని చూసి నవ్వేవాడు. "వాడికి గుర్రానికి గాడిదకు తేడా తెల్వదు బిడ్డా" అనేవాడు నాతో. నేనూ నవ్వేవాణ్ని. ఒకాయన సీరియస్, ఇంకొకాయన టైంపాస్. నా దృష్టిలో గౌరవం ఎవరికి దక్కిందో చెప్పక్కర్లేదు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో వాళ్లు ఇల్లు మారారు. అట్టపెట్టెలు మోస్తుంటే ఆ నోట్‌బుక్కులు బయటపడ్డాయి. డేటా అనలిటిక్స్ ఎలక్టివ్‌కి మినీ ప్రాజెక్టు కావాలి కదా, ఎక్సెల్‌లో ఎక్కిస్తే బాగుంటుందనిపించింది. ఆయన మురిసిపోయాడు. 14లో చదవడానికి వీలుగా ఉన్న ఆరింటిని తీసుకుని, నాలుగు రాత్రులు కూర్చుని ఎక్కించాను. మొత్తం 1,118 పందేలు.

ఆ పని చేస్తున్నప్పుడు ఒక విషయం గమనించాను. ఆరు పుస్తకాల్లో ఎక్కడా కూడిక లేదు. గుర్రం బరువు అరకిలో తేడాతో సహా ఉంది. ఎంత పెట్టాడో ఉంది, ఎంత వచ్చిందో ఉంది. పేజీ చివర మొత్తం లేదు. సీజన్ చివరా లేదు. ఆఫీసులో ఇరవై ఎనిమిదేళ్లు లెక్కల సెక్షన్‌లో పనిచేసిన మనిషి!

కూడిక నేను వేశాను. పెట్టింది 3,34,500. తిరిగి వచ్చింది 2,71,900. పోయింది 62,600. అంటే పెట్టిన ప్రతి వంద రూపాయల్లో దాదాపు 19 రూపాయలు పోయాయి.

ఇక్కడ మీకు "అయితే ఆయనకు గుర్రాలు తెలియవన్నమాట" అనిపిస్తే పొరపాటు. ఆయన ఎంచిన 1,118లో 311 గెలిచాయి. దాదాపు 28 శాతం. పదేసి గుర్రాలు పరుగెత్తే రేసుల్లో ఇది చిన్న విషయం కాదు. గుడ్డిగా వేలు పెడితే పది శాతం తగులుతాయి. కాబట్టి ఆయనకు నైపుణ్యం ఉంది, సుప్రీంకోర్టు మాట నిలబడింది. అయినా డబ్బు పోయింది. ఎందుకు?

ఇది అర్థం కావాలంటే టోట్ ఎలా పనిచేస్తుందో తెలియాలి. మన బ్రాంచీలవాళ్లకు నచ్చే కథ కాబట్టి కాస్త ఆగి చెబుతాను. రేస్‌కోర్స్‌లో బుకీలు కాకుండా టోట్ కిటికీలు ఉంటాయి. అందరూ పెట్టిన డబ్బు ఒక కుండలో పడుతుంది. అందులోంచి పన్నులు, క్లబ్బు వాటా తీసేసి, మిగిలింది గెలిచిన గుర్రం మీద పెట్టినవాళ్లకు పంచుతారు. ప్రతి గుర్రం మీద ఎంత పడిందో క్షణక్షణం కూడి బోర్డు మీద చూపించాలి. కంప్యూటర్లు లేని రోజుల్లో జార్జ్ జూలియస్ అనే ఇంజినీర్ దీనికి యంత్రం చేశాడు. ఆయన నిజానికి ఎన్నికల్లో ఓట్లు లెక్కపెట్టడానికి దాన్ని రూపొందించాడు. ప్రభుత్వం వద్దంది. దాంతో దాన్నే మార్చి పందేల యంత్రం చేశాడు. 1913లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో, ఎలర్స్‌లీ రేస్‌కోర్స్‌లో మొదటిది పెట్టారు. పళ్ల చక్రాలు, తీగలు, బరువులు కలిపి ఒక పెద్ద గదికి సరిపడా యంత్రం. ఓట్ల కోసం పుట్టి పందేలకు పోయింది. ఇందులో వ్యంగ్యం మీరే వెతుక్కోండి.

లెక్క చూద్దాం. కుండలో లక్ష రూపాయలు పడ్డాయి. కోతలన్నీ పోను 80 వేలు మిగిలాయనుకోండి. ఫేవరెట్ గుర్రం మీద 40 వేలు పడ్డాయి. అది గెలిస్తే రూపాయికి రెండు రూపాయలు. ఇప్పుడు ఆలోచించండి. జనం తమ డబ్బులో 40 శాతం దాని మీద పెట్టారంటే, దాని గెలుపు అవకాశం 40 శాతం అని ఓటేసినట్టే. ఆ ఓటు సరైనదే అయితే న్యాయంగా రూపాయికి రెండున్నర రావాలి. వస్తున్నది రెండు. అంటే ఫేవరెట్ గెలుస్తుందని మీకు తెలియడం వల్ల మీకేం లాభం లేదు. అది అందరికీ తెలుసు. ఆ తెలివి ధరలో ముందే కలిసిపోయింది.

పెద్దనాయన పోరాటం గుర్రంతో కాదు, క్లబ్బుతో కాదు. క్యూలో తన వెనక నిలబడినవాడితో. ఆ వెనకవాడు కూడా ముందు రోజు రాత్రి అదే రేసు బుక్కు చదివాడు.

ఆయన గెలిచినప్పుడు సగటున రూపాయికి 2 రూపాయల 92 పైసలు వచ్చాయి. 28 శాతం గెలిచేవాడికి నష్టం లేకుండా ఉండాలంటే 3 రూపాయల 60 పైసలు రావాలి. ఆ 68 పైసల తేడాలో ఆ 62,600 ఉంది. సరిగ్గా చెప్పాలంటే ఆయనకు తెలిసింది క్యూలో ఉన్నవాళ్లందరికీ తెలిసినంతే. వాళ్లందరితో పాటు ఆయన కూడా కోత కట్టాడు.

ఇంకో కాలమ్ ఉంది, అది నాకు ఎక్కువ బాధ కలిగించింది. రోజులో మొదటి రేసు మీద ఆయన సగటున పెట్టింది 180 రూపాయలు. చివరి రేసు మీద 610. ఎప్పుడో ఒకసారి కాదు, ఆరు పుస్తకాల్లోనూ అంతే. మొత్తం నష్టంలో సగానికి పైగా ఆ చివరి రేసులదే. గుర్రాల మీద అంత అధ్యయనం చేసిన మనిషి, పోయిన డబ్బు ఇంటికి వెళ్లేలోగా రాబట్టాలనే తొందరలో మాత్రం అక్కడున్న మామూలు మనుషుల్లాగే ఉన్నాడు. చెప్పుల దుకాణం ఆయన ఆ సరికి ఇంటికి చేరి అన్నం తింటూ ఉండేవాడు.

నేను ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్నది ఇదే. మనం మనుషుల్ని తప్పు చోట కొలుస్తున్నాం. గుర్రం గురించి ఎంత తెలుసన్నది చూసి ఒకణ్ని సీరియస్, ఇంకొకణ్ని టైంపాస్ అంటున్నాం. కొలవాల్సింది డబ్బు దగ్గర. ఆ కొలత పెడితే చెప్పుల దుకాణం ఆయనే సీరియస్. ఐదు వందలు, నాలుగుసార్లు, ఏడాదికి రెండు వేలు, సినిమా టికెట్ లాగా ఖర్చు రాసుకున్నాడు. పెద్దనాయన గుర్రం దగ్గర సీరియస్, డబ్బు దగ్గర టైంపాస్. నా క్లాస్‌మేట్ కూడా ఆ జాతే, కాకపోతే వాడికి 14 పుస్తకాల ఓపిక కూడా లేదు. యూట్యూబ్‌లో టిప్స్ చూసి వెళతాడు.

నిజంగా సీరియస్‌గా ఆడి గెలిచినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. బిల్ బెంటర్ అనే అమెరికన్ గురించి మన సీఎస్ఈ వాళ్లు కొందరు వినే ఉంటారు. లాస్ వేగాస్‌లో బ్లాక్‌జాక్ ఆటలో ముక్కలు లెక్కపెట్టి గెలిచేవాడు. కాసినోలు తలుపులు మూసేశాక, 1980ల మధ్యలో ఆలన్ వుడ్స్ అనే ఇంకొకడితో కలిసి హాంకాంగ్ వెళ్లాడు. అక్కడ రెండే రేస్‌కోర్సులు, హ్యాపీ వ్యాలీ, షా టిన్. అవే గుర్రాలు మళ్లీ మళ్లీ పోటీ పడతాయి కాబట్టి డేటా శుభ్రంగా ఉంటుంది. జనం పెట్టే డబ్బు కూడా చాలా ఎక్కువ. పాత ఫలితాలన్నీ కంప్యూటర్‌లో ఎక్కించి, ప్రతి గుర్రానికీ గెలుపు సంభావ్యత లెక్కగట్టే మోడల్ రాశాడు. మొదట్లో బాగానే పోగొట్టుకున్నాడు. నిలదొక్కుకోవడానికి ఏళ్లు పట్టింది. 1994లో తన పద్ధతిని వివరిస్తూ పేపర్ కూడా రాశాడు, దొరుకుతుంది, చదవండి.

ఆ పేపర్‌లో నాకు నచ్చింది మోడల్ కాదు, అందులోని వినయం. తన మోడల్ చెప్పిన సంఖ్యను ఆయన అలాగే నమ్మలేదు. బోర్డు మీద జనం పెట్టిన ధరను కూడా తన లెక్కలో కలుపుకున్నాడు. నాకు తెలియనిది క్యూలో ఎవరికో తెలిసి ఉంటుంది అని ఒప్పుకోవడమది. మా పెద్దనాయన ఒక్కనాడైనా క్యూలో వాళ్లని అంత గౌరవించి ఉంటాడా? "అందరు పిచ్చోళ్లే" అనేవాడు.

ఇంకొకటి. 1956లో బెల్ ల్యాబ్స్‌లో జాన్ కెల్లీ అనే పరిశోధకుడు ఒక సూత్రం ఇచ్చాడు. మీ దగ్గరున్న డబ్బులో ఎంత భాగం పెట్టాలో చెబుతుంది. గెలిస్తే రూపాయికి నాలుగు రూపాయలు లాభం ఇచ్చే గుర్రం గెలుపు అవకాశం 25 శాతం అని మీ లెక్క అయితే, మీ సొమ్ములో 6.25 శాతం పెట్టమంటుంది. అదే గుర్రం అవకాశం 20 శాతమే అయితే? సున్నా. ఒక్క రూపాయి కూడా వద్దు. 25కీ 20కీ ఉన్న తేడా రేసు బుక్కు చదివి పట్టగలమని మీకు నమ్మకం ఉందా? నాకు లేదు. నిజమైన సీరియస్ మనిషి ఎక్కువ రేసుల్లో చేసే పని పందెం కట్టకుండా ఊరుకోవడం. మలక్‌పేటలో రేసులు లేని రోజు కూడా బొంబాయివో బెంగళూరువో టీవీలో చూపించి పందేలు తీసుకుంటారు. అక్కడ ఊరుకోవడమే అన్నిటికన్నా కష్టమైన విద్య. పెద్దనాయన పుస్తకాల్లో పందెం కట్టకుండా వదిలేసిన రేసు దాదాపు లేదు.

సరే, మనలో ఒకడు బెంటర్ అంతటివాడు పుట్టాడనుకుందాం. మన దగ్గర వాడి గతేమిటి? జీఎస్టీ క్లబ్బు కమీషన్ మీద కాదు, పందెం పూర్తి విలువ మీద పడుతుంది. 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం చేశారు. గెలిచిన డబ్బు మీద 30 శాతం ఆదాయపు పన్ను. అందులో పోయిన పందేలను మినహాయించుకోవడానికి లేదు. వంద పందేలు కట్టి ముప్పై గెలిచి, మొత్తం మీద పది రూపాయలు మిగిలినవాడు, ఆ పది మీద కాదు, ఆ ముప్పై గెలుపుల మీద పన్ను కట్టాలి. బెంటర్ లాంటివాళ్లు బతికేది చాలా పందేల మీద వచ్చే కొద్దిపాటి మిగులుతో. ఆ మిగులును ఈ పన్నులు మొదట్లోనే మింగేస్తాయి. ప్రభుత్వం తప్పు చేసిందని నేను అనను. జూదాన్ని ప్రోత్సహించకూడదనుకుంటే ఇలాగే చేస్తారు. కానీ ఈ అంకెలు తెలిశాక కూడా "సీరియస్‌గా ఆడి సంపాదిస్తా" అనేవాడు ఎక్కాలు మళ్లీ చదువుకోవాలి. చట్టాన్ని తప్పించుకుని బయటి బుకీల దగ్గరికి పోతే పన్ను ఉండదు కదా అని ఒకడు నాతో అన్నాడు. అప్పు వసూలుకు వాళ్లు ఎలా వస్తారో వాడికి ఇంకా తెలియదు.

ఇదంతా చదివి, "మన సాహితీ క్లబ్బు పత్రికలో ఈ లెక్కలేంటి" అనుకునేవాళ్ల కోసం ఒక కథ. నన్నయ్య ఆంధ్రమహాభారతం అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం మీకు తెలుసు. నలుడు జూదంలో రాజ్యం పోగొట్టుకుని, బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుడి దగ్గర సారథిగా చేరతాడు. గుర్రాల విషయంలో నలుణ్ని మించినవాడు లేడు, అశ్వహృదయం తెలిసినవాడు. అయినా జూదంలో ఓడాడు. గుర్రాలు తెలియడం వేరు, జూదం తెలియడం వేరు అని ఇంత సూటిగా చెప్పిన కథ నాకు ఇంకోటి కనబడలేదు. విదర్భకు రథం మీద వెళుతుంటే ఋతుపర్ణుడు దారిలో ఒక తాని చెట్టును చూసి, దాని ఆకులెన్నో కాయలెన్నో చెప్పేస్తాడు. అప్పుడు నలుడు ఏం చేశాడు? "ఆహా" అని ఊరుకోలేదు. స్వయంవరానికి ఆలస్యమవుతోందని రాజు మొత్తుకుంటున్నా రథం ఆపి, చెట్టు కొట్టించి, లెక్కపెట్టి చూశాడు. సరిపోయాక, తన అశ్వవిద్య ఇచ్చి ఆయన అక్షవిద్య తీసుకున్నాడు. తర్వాతే పుష్కరుడితో మళ్లీ కూర్చున్నాడు.

నాకు ఇందులో ముఖ్యమైనది ఆ చెట్టు కొట్టిన ఘట్టం. కూడిక వేసి చూసుకోవడం. మా పెద్దనాయన 14 పుస్తకాల్లో చేయని పని అదే.

ఇక టైంపాస్ వాళ్లందరూ బుద్ధిమంతులని నేను అనడం లేదు. జాక్‌పాట్ మీద పెట్టేవాళ్లు చాలామంది టైంపాస్ వాళ్లే. వరసగా ఐదు రేసుల్లో గెలిచే గుర్రాల్ని పట్టాలి. పదేసి గుర్రాలుంటే గుడ్డిగా కొట్టినవాడికి లక్షలో ఒక ఛాన్సు. వందతో మొదలుపెట్టి, ఫ్రెండ్స్ ముందు తగ్గకూడదని ఏటీఎమ్‌కి పరుగెత్తేవాణ్ని కూడా చూశాను. టైంపాస్ అనేది జేబులో తెచ్చుకున్న డబ్బు దగ్గర ఆగితేనే టైంపాస్. ఆ గీత దాటాక దానికి వేరే పేరుంది.

కొందరు మిత్రులు నాతో వాదించారు: ఆ అధ్యయనంలో ఆనందం లేదా, 62 వేలు ఆ ఆనందానికి ధర అనుకోవచ్చు కదా అని. అనుకోవచ్చు. చెస్ నేర్చుకోవడానికో ట్రెక్కింగ్‌కో అంతకంటే ఎక్కువే ఖర్చు పెడతారు. నిజానికి ఇదొక్కటే నన్ను కాస్త ఆలోచింపజేసిన వాదన. కానీ ఆనందానికి ధర కట్టేవాడికి ఆ ధర ఎంతో తెలిసి ఉండాలి. పెద్దనాయనకు తెలియదు. ఆయన తనకు "అటో ఇటో సమానం" అని నమ్మాడు, పెద్దమ్మకూ అదే చెప్పాడు. మా అక్క ఇంటర్ అయ్యాక ఆమెను హాస్టల్లో వేసి లాంగ్‌టర్మ్ కోచింగ్ చదివించడానికి డబ్బు చాలలేదన్న సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టి ఎవరూ చూడలేదు. ఎక్సెల్‌లో ఆ ఏడాది వరుసలు చూసినప్పుడు నాకు చేయి ఆడలేదు. అక్కకి ఇంతవరకు చెప్పలేదు.

షేర్ మార్కెట్‌లో ఆప్షన్లు ఆడే సీనియర్లు "మాది జూదం కాదు" అని ఇక్కడ నవ్వుతుంటారు. సెబీ 2024లో బయటపెట్టిన అధ్యయనం ప్రకారం, మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్లలో ఆడిన చిన్న మదుపరుల్లో 93 శాతం మంది నష్టపోయారు. వాళ్ల స్క్రీన్ మీద కూడా చార్టులు, గీతలు బోలెడు. వాళ్లలో ఎంతమంది నెలాఖరున కూడిక వేస్తారో మరి.

కూడిక ఫలితం పెద్దనాయనకు చెప్పాలా వద్దా అని రెండు రోజులు తటపటాయించాను. చివరికి ల్యాప్‌టాప్ తీసుకెళ్లి చూపించాను. చాలాసేపు చూశాడు. గెలిచిన 311 దగ్గర మొహం వెలిగింది. కింద ఎర్ర అంకె దగ్గర ఆగాడు.

"చివరి రేసు కాలమ్ మళ్లొకసారి చూపియ్యి" అన్నాడు.

చూపించాను.

"గిది నాకు ఎర్కనే బిడ్డా. గందుకే కూడలే."

తర్వాత ఏమీ మాట్లాడలేదు. మిగతా ఎనిమిది పుస్తకాలు ఎక్కించొద్దన్నాడు. నేనూ అడగలేదు.

నా క్లాస్‌మేట్‌కి ఇవేమీ ఉపదేశంగా చెప్పలేదు, చెప్పినా వినడు. స్టేషనరీ షాపులో రెండు వందల పేజీల నోట్‌బుక్ కొనిచ్చాను. మూడు గీతలు గీసి, పెట్టింది, వచ్చింది, ఇప్పటిదాకా మొత్తం అని రాసిచ్చాను. గుర్రం పేరు కూడా రాయక్కర్లేదన్నాను. నవ్వాడు, కానీ తీసుకున్నాడు. మొన్న మూడు వేలు తిరిగిచ్చాడు. మిగతా ఐదు వేలు ఉగాదికి అన్నాడు. డబ్బులు తర్వాత చూద్దాం, ముందు ఆ పుస్తకం చూపించరా అన్నాను. రూమ్‌లో ఎక్కడో ఉంది, వెతకాలి అన్నాడు. పది రోజులైంది, ఇంకా వెతుకుతున్నాడు.